నాలుగో గుడారం తడి అంచు

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. కోడలు, ఆమె భర్త, అత్తగారు, ఆడపడుచు. ముసలి కుక్కను కూడా కలిపితే ఐదుగురు. కానీ దానికి చెవులు వినపడవు, కళ్లు ఆనవు. సాక్ష్యానికి పనికిరాదు.

కొలతలమ్మ తన నోటుబుక్కులో ముందుగా రాసుకున్న మాటలివి. బీమా కంపెనీ తరఫున ప్రమాదాల వెనక అసలేం జరిగిందో తేల్చడం ఆమె ఉద్యోగం. ఎక్కడికి వెళ్లినా నోరు తెరవకముందే సంచీలోంచి టేపు తీసి కొలవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆఫీసులో అందరూ కలిసి ఆ పేరు పెట్టారు. ఆమె కూడా కాదనలేదు.

ఇంటి వెనక వాలులో ఎనిమిది గుడారాలున్నాయి. మామూలు గుడారాలు కావు. లోపల మంచం, పరుపు, తివాచీ, పక్కనే స్నానాలగది, చలి కాచుకోవడానికి చిన్న ఇనప పొయ్యి, దాని పొగగొట్టం పైకప్పు గుడ్డలోంచి బయటికి. ఊరి గోలకు దూరంగా, కానీ హోటల్లో ఉన్నంత సుఖంగా నిద్రపోవాలనుకునేవాళ్ల కోసం కట్టినవి. దీన్ని గ్లాంపింగ్ అంటారు. అత్తగారు 'గంపింగు' అంటుంది. కోడలికి మాత్రం అది ఆరేళ్ల కల. మొదటి అతిథులు సోమవారం రావాలి.

ఈ రోజు శుక్రవారం. తొమ్మిదిన్నరకు కోడలు బీమా దరఖాస్తు నింపి సంతకం పెట్టి పంపింది. సరిగ్గా పదింటికి కంపెనీ నుంచి బీమా మొదలైందని కబురు వచ్చింది. పదీ పాతిక్కి నాలుగో గుడారం తగలబడింది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి పదకొండింటికి సర్వేయరు వచ్చేసరికి అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు.

పన్నెండున్నరకు కొలతలమ్మ గేటు దగ్గర దిగింది. సర్వేయరు కారు ముందు భాగం మీద కాగితాలు పరుచుకుని అప్పటికే సగం నివేదిక రాసేశాడు.

"రండి మేడం, మీ కోసమే చూస్తున్నా. కింద మీ సంతకం ఒక్కటే తక్కువ."

"నేనింకా ఏమీ చూడలేదు సార్."

"చూడ్డానికేముంది? పదింటికి బీమా, పదీ పాతిక్కి మంట. ఆ పాతిక నిమిషాలు ఆగారు చూడండి, అదీ వాళ్ల ఓపిక."

"ఎవరి మీద అనుమానం?"

"మొగుడి మీద. వడ్రంగి. గడ్డి కోసే మిషన్ కోసం షెడ్డులో పెట్రోలు డబ్బా పెట్టుకున్నాడు. సగం ఖాళీ. ఇదంతా మంట అంటుకోకుండా మందు పట్టించిన గుడ్డ మేడం. సర్టిఫికెట్టు నా కళ్లతో చూశాను. అలాంటి గుడ్డ నాలుగంటే నాలుగు నిమిషాల్లో బూడిదైందంటే, పెట్రోలు పడకుండా ఎలా అవుతుంది? మీరే చెప్పండి."

ప్రశ్న మంచిదే. కొలతలమ్మ రాసుకుంది.

"ఐదింటికి ఇది పంపేస్తా" అన్నాడు సర్వేయరు పెన్ను మూత పెడుతూ. "'కావాలని తగలబెట్టారు' అన్న ఒక్క మాట చాలు. ఇంకే కంపెనీ వీళ్ల గడప తొక్కదు. బీమా లేకపోతే అనుమతి రాదు. అనుమతి రాకపోతే సోమవారం ఈ గేటుకి తాళమే."

"అంత సంతోషంగా చెబుతారేంటి సార్?"

"సంతోషం కాదు మేడం. అనుభవం."

కొలతలమ్మ టేపు తీసుకుని వాలు దిగింది.

నాలుగో గుడారం ఉండాల్సిన చోట చెక్క వేదిక, దాని మీద మంచం ఇనప చట్రం, పక్కకి వాలిపోయిన పొగగొట్టం మిగిలాయి. కోడలు ఆ వేదిక మెట్టు మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మసి అంటిన చేతులతోనే మొహం తుడుచుకున్నట్టుంది, చెంప మీద నల్లటి చార ఉంది.

"లోపలికి రావచ్చా?" అంది కొలతలమ్మ. అడిగాక తనకే సిగ్గేసింది. లోపలంటూ ఏముంది గనక.

కోడలు మాత్రం లేచి పక్కకి జరిగి, ఇంటికొచ్చిన మనిషిని పిలిచినట్టే "రండి" అంది. "కాలు చూసుకుని పెట్టండి. ఆ మూల పలక మా ఆయన నిన్ననే మార్చారు."

"మంట ఆర్పడానికి నీళ్లు పోశారా?"

"పైపు లాక్కొచ్చేలోపే అంతా అయిపోయింది మేడం. మధ్యలో పొయ్యి మీద రెండు బకెట్లు కుమ్మరించాం. అంతే."

ఇంట్లోంచి ఎవరో పిలిస్తే కోడలు పైకి వెళ్లిపోయింది. కొలతలమ్మ మోకాళ్ల మీద కూర్చుంది.

పైకప్పు ఆనవాలు లేకుండా పోయింది. గోడలూ అంతే. కానీ చుట్టూ నేలకు తగిలే అంచు మాత్రం మిగిలింది. ఎండ పడే వైపు తొమ్మిది అంగుళాలు. ఎదురు వైపు పదకొండు. చెట్టు నీడ పడే వైపు పద్నాలుగు. మూడు మడతలు వేసి కుట్టిన ఆ అంచులో వేలు పెట్టి చూసింది. చెమ్మగా ఉంది. వాన పడి పదకొండు రోజులైందని గేటు దగ్గరే విన్నది. మరి ఈ తడి ఎక్కడిది?

అంచు ముక్క కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకుంది. మసి వాసన వెనక ఇంకేదో ఉంది. బాగా తెలిసిన వాసనే, పేరు మాత్రం నోటికి రాలేదు. కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు సోమవారం పొద్దున బడికి వేసుకెళ్లే తెల్ల చొక్కా గుర్తొచ్చింది. బట్టల సబ్బు.

వేదిక వెనక గడ్డి ఒక చారలా పసుపు పచ్చగా మాడింది. ఆ చార సన్నటి కాలవలోకి దిగి, అక్కడ తెల్లటి పెచ్చుగా ఎండిపోయింది. ఐదో గుడారం వెనకా అదే చార. ఆరో దాని వెనకా అదే. కొలతలమ్మ ఎనిమిది గుడారాల చుట్టూ తిరిగి వచ్చింది. ఎనిమిది చారలు.

అప్పటికి సర్వేయరు కిందికి దిగి వచ్చాడు. "ఇంకా కొలుస్తున్నారా? చొక్కా కుట్టిస్తారా ఏంటి దానికి?"

"మీ లైటర్ ఒకసారి ఇవ్వండి సార్."

గుడారాలతో పాటు చిరుగులకు అతుకులు వేసుకోవడానికి గుడారాల కంపెనీ ఇచ్చిన గుడ్డ ముక్కలు షెడ్డులో ఒక సంచీలో ఉన్నాయి. కట్టు కూడా విప్పలేదు. అందులోంచి ఒక ముక్క తీసి లైటర్ మంట మీద పెట్టింది. ముక్క నల్లబడింది, మంట తీయగానే ఆరిపోయింది.

"చూశారా, అంత గట్టి మందు" అన్నాడు సర్వేయరు.

"ఇప్పుడిది." ఐదో గుడారం లోపలి మడతలోంచి అరచెయ్యంత ముక్క కోసి అంటించింది. అది చటుక్కున అంటుకుని, ఆమె వేళ్లదాకా పాకి వచ్చింది. కింద పడేసి చెప్పుతో తొక్కింది.

సర్వేయరు వంగి ఆ మసి ముక్కని చూశాడు.

"ఇది ఐదో గుడారం సార్. దీని మీద కూడా వడ్రంగి పెట్రోలు పోశాడంటారా? పెట్రోలు పోసేవాడు గోడలకి కింద నుంచి పోస్తాడు. ఇక్కడ కింద మాత్రమే మిగిలింది, ఎందుకంటే అంచు ఇంకా ఆరలేదు. ఎవరో ఎనిమిది గుడారాలూ సబ్బు పెట్టి ఉతికారు. సబ్బుతో పాటు మందూ పోయింది."

సర్వేయరు ఆమె చేతిలోంచి లైటర్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఓడిపోయిన మొహం కాదది. సంచీలోంచి దరఖాస్తు నకలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బాగుంది మేడం. ఇప్పుడు పద్నాలుగో ప్రశ్న చదవండి."

'మందు పట్టించిన తర్వాత గుడ్డను సబ్బుతో ఉతికారా? ఉతికితే మందు గుణం పోతుంది, మళ్లీ పట్టించాలి.' ఎదురుగా కోడలి గుండ్రటి చేతిరాత: లేదు.

"ఆవిడకి తెలియకుండా ఎవరో ఉతికారంటే అది ప్రమాదం. బీమా నిలుస్తుంది. నా నివేదిక నేనే చించేస్తా" అన్నాడు సర్వేయరు. "తెలిసి 'లేదు' అని రాస్తే అది అబద్ధం. అప్పుడు పెట్రోలు ఉన్నా లేకున్నా ఒకటే, తాళం మాత్రం తప్పదు. ఐదింటిదాకా టైముంది. కనుక్కోండి."

*

ఆడపడుచు ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చే వారం బుకింగులకి ఏం జవాబివ్వాలో తెలియక గోళ్లు కొరుక్కుంటోంది. ఇరవై రెండేళ్ల పిల్ల. నోరు ఊరుకోదు.

"పదింటికి మీరు ఎక్కడున్నారు?"

"ఇక్కడే. నేనెక్కడికి పోతానండీ, ఈ ఇంటికి పోస్టాఫీసుని నేను."

"అంటే?"

"మా అమ్మ వదినతో మాట్లాడి రెండేళ్లయింది. అమ్మ నడిపే లాండ్రీ వదిన అమ్మేసి ఈ టెంట్లు కొంది చూడండి, అప్పట్నుంచి. ఏం కావాలన్నా మా ద్వారానే. 'మీ వదినకి చెప్పు, టీలో చక్కెర తక్కువైందని' అంటుంది. వదిన ఎదురుగానే ఉంటుంది, అయినా నేను మళ్లీ చెప్పాలి. ఒకే మాట రెండుసార్లు తిరిగేలోపు టీ చల్లారిపోతుంది. ఒకరోజు నేను, ఒకరోజు అన్నయ్య. వంతులేసుకున్నాం."

కొలతలమ్మకి నవ్వొచ్చింది. "ఈ వారంలో కొత్త సామాను ఏమైనా తెప్పించారా?"

"పెద్దగా ఏం లేదు. వదిన ఆ మందు తెప్పించింది, గుడ్డకి పట్టించేది." ఆడపడుచు తెర ఇటు తిప్పింది. "ఎనిమిది టెంట్లకి. ఇదిగో, బుధవారం సాయంత్రం ఏడూ పది. ఆదివారం వస్తుంది. పాత మందుకి ఇంకా రెండేళ్లు గడువుంది కదా వదినా, ఇప్పుడెందుకు అంటే, 'ఉండనీవే' అంది. దరఖాస్తు కాగితాలు కూడా ఆ మధ్యాహ్నమే వచ్చాయి, వాటితో ఏమైనా పనేమో అనుకున్నా."

కొలతలమ్మ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. సంతకం పెట్టింది శుక్రవారం. మందు కోసం రాసింది బుధవారం.

"ఇంకేమైనా చెప్పిందా ఆ రోజు?"

"ఆదివారం దాకా ఏ టెంట్లోనూ పొయ్యి వెలిగించొద్దంది. నాకు చెప్పింది, అన్నయ్యకి చెప్పింది."

"మీ అమ్మగారికి?"

ఆడపడుచు తెర మళ్లీ తన వైపు తిప్పుకుంది. "ఆ రోజు వంతు అన్నయ్యది" అంది మెల్లగా.

*

అత్తగారి గది నడవా చివర. తలుపు తీసే ఉంది. ఆవిడ నిలబడి గుడారాల పరదాలు ఇస్త్రీ చేస్తోంది. ఏ పరదా ఎక్కడ వేలాడాలో ఇక ఎవరికీ తెలియకపోయినా, ఆవిడ మాత్రం మడత మీద మడత పేరుస్తూనే ఉంది. వేలి కణుపులు పగిలి, ఎర్రటి గీతలు పడి ఉన్నాయి.

"కూర్చో తల్లీ. ఆ కుర్చీ మీద మడతలు మంచం మీద పెట్టు. జాగ్రత్త, నలుగుతాయి."

కొలతలమ్మ జాగ్రత్తగానే పెట్టింది. "గుడారాలు ఉతికింది మీరేనా అమ్మా?"

"నేనే." దాచేదేమీ లేదన్నట్టు చెప్పింది. "మంగళ, బుధ, గురు. తెల్లారగట్ల లేచి, బ్రష్షు పెట్టి రుద్ది. ఎవరో పెద్దాయన చూడ్డానికొస్తాడంటే, ఆకుల మరకలతో, పక్షి రెట్టలతో చూపిస్తారా? ముప్పై ఏళ్లు హోటళ్ల దుప్పట్లు ఉతికాను నేను. ఒక్క దుప్పటి వెనక్కి రాలేదు."

"మీ కోడలికి చెప్పారా?"

"చెప్పేదేముంది? తెల్లగా ఉన్నాయో లేదో కళ్లకి కనపడదూ?" ఇస్త్రీపెట్టె ఒకసారి ముందుకీ వెనక్కీ తిరిగింది. "షాపు అమ్మిందని నాకు కోపం. నిజమే. నాలుగు మిషన్లలో మూడు మూలబడ్డాయని నాకు మాత్రం తెలీదా? మాట్లాడ్డం మానేశాను తల్లీ. మానేసినంత తేలిగ్గా మళ్లీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఉతకడం ఒక్కటే వచ్చు. అందుకే ఉతికాను."

కొలతలమ్మ నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

"మరి పొయ్యి?" అంది.

"నాలుగోది ఆఖర్న ఉతికాను. పొద్దున చూస్తే పైన ఆరింది, అంచులు ఆరలేదు. పెద్దాయన తడి గుడ్డ చూసి ఏమనుకుంటాడు? తొమ్మిదీ నలభైకి పొయ్యి వెలిగించాను, ఆ వేడికి ఆరుతుందని. ఇటొచ్చి ఈ పరదాలు పట్టుకున్నాను." ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చేతులు పెట్టుకోవడానికి చోటు దొరకనట్టు పమిట అంచులో చుట్టుకుంది. "నిప్పురవ్వ నా వల్లే పడింది కదూ?"

"పొయ్యిలోంచి పడే ఉంటుందమ్మా."

"అయితే నీ పుస్తకంలో నన్నే రాసుకో. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. ఆ పిల్లకి మాత్రం బీమా ఇచ్చెయ్యండి. ఆరేళ్లు తిండీ నిద్రా లేకుండా కట్టుకుంది."

సబ్బు వల్లే మందు పోయిందని, మిగిలిన ఏడింటికీ అదే గతి అని చెప్పడానికి అదే సమయం. ఆ మాట కొలతలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడే ముందు అడిగింది.

"మిగతావి చూశావా? మూడోది చూశావా? ఉతుకు బాగా కుదిరింది కదూ?"

"చూశానమ్మా. కొత్త కాగితంలా ఉంది" అని కొలతలమ్మ లేచింది.

*

నడవాలో సర్వేయరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, కానీ గొంతులో మార్పు లేదు.

"ముసలావిడ కోడలికి చెప్పలేదు. సరే. కోడలికి తెలుసా తెలీదా, నాకది కావాలి. ఇప్పుడు టైము నాలుగూ నలభై."

"అడుగుతాను."

"మందు బుధవారం తెప్పించిందని ఆ పిల్ల నాకూ చెప్పింది మేడం. మీరు రాయకపోతే నేను రాస్తా."

"నా పని నాకు నేర్పకండి సార్" అంది కొలతలమ్మ. ఆమె అంత గట్టిగా మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు. ఇంకేం అనకుండా కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎదురుగా కోడలు వస్తోంది. మొహం కడుక్కుంది. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో పగిలిన చేతులకి రాసే మందు డబ్బా. అత్తగారి తలుపు ముందు కొలతలమ్మ ఆమెను ఆపింది.

"ఒక్క ప్రశ్న. మీరు ఏం చెబితే అది రాయాల్సి వస్తుంది. ఆలోచించుకుని చెప్పండి. సంతకం పెట్టేనాటికి గుడారాలు ఉతికారని మీకు తెలుసా?"

కోడలు ఓరగా ఉన్న తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"బుధవారం పొద్దున వంటగది కిటికీలోంచి చూశాను. అత్తయ్యకి మోచేతులదాకా నురగ. పాడుకుంటోంది మేడం. లాండ్రీ అమ్మేశాక ఆవిడ గొంతులో పాట వినలేదు నేను. పిలిచి ఆపమనడానికి నోరు రాలేదు. మధ్యాహ్నం కాగితాలొచ్చాయి. పద్నాలుగోది మూడుసార్లు చదివాను."

"చదివి కూడా..."

"అవునని రాస్తే ఎవరు ఉతికారు, ఎందుకు ఉతికారు అని చూడ్డానికొచ్చే సర్వేయరు ఆవిడ ముందే అడుగుతాడు. మీరు చేసిందంతా పాడైపోయింది అని ఆవిడకి ఎవరో ఒకరు చెప్పాలి. ఆదివారం మందు వస్తుంది, సోమవారంలోపు నేనే పట్టించేస్తాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను. పొయ్యి వెలిగించొద్దన్న మాట కూడా మా ఆయనకి చెప్పి పంపాను. ఆయన మర్చిపోయారు. ఆయన్ని అని ఏం లాభం? ఈ గది మా వంటింటికి పది అడుగులు. నా కాళ్లతో నేనొచ్చి చెప్పొచ్చు."

"తెలియదంటే మీ బీమా నిలుస్తుందని తెలుసా మీకు?" కొలతలమ్మకి తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

"తెలుసు. ఇందాక ఆయన కూడా అదే అన్నారు." కోడలు గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నాకు తెలియదంటే తప్పంతా ఆవిడ ఒక్కదానిదే అవుతుంది కదా మేడం. రాసుకోండి. తెలుసనే రాసుకోండి. ఆవిడకి వినపడకుండా మాత్రం చదవండి."

లోపల మంచం కిర్రుమంది.

"ఏమే కోడలుపిల్లా, గుమ్మంలోనే నిలబడ్డావేం? చలిగాలి కొడుతోంది. వచ్చి తలుపెయ్యి."

కోడలి చేతిలో గ్లాసు ఒరిగి, టీ వేళ్ల మీద ఒలికింది. ఆమె దాన్ని చూసుకోలేదు. కొలతలమ్మ వైపు చూసింది, మీరూ విన్నారు కదా, నాతోనే అంది కదా అని అడుగుతున్నట్టు.

"వేస్తున్నా అత్తయ్యా" అని లోపలికి వెళ్లి, కొలతలమ్మ మొహం మీదే మెల్లగా తలుపు మూసింది.